దవడ శస్త్రచికిత్స: మొదటి రాత్రి కావలి ఎవరిది?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభ గనుక నేనేదో ప్రబంధమును గూర్చియో, పురాణమును గూర్చియో ప్రసంగింతునని మీరు తలచియుందురు. నేను లెక్కలు వ్రాసి జీవించువాడను. తీరిక వేళ ఈ బీరువాలలోని గ్రంథములను చదువుకొన్నవాడను. వైద్యుడను కాను. అయినను కార్యదర్శిగారు నాకీ విషయమునే ఒప్పగించిరి. కారణము లేకపోలేదు. వంకర దవడలను సరిచేయు శస్త్రచికిత్స నేడు మన పిల్లలకును అందుబాటులోనికి వచ్చినది. “ఆపరేషను చేసి అదే రోజున ఇంటికి పంపుదురట, మంచిదేనా? రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచుట మంచిదా?” అని తల్లిదండ్రులు మన పఠనమందిరములోనే ఒకరినొకరు అడుగుచున్నారు. 1914లో బెజవాడలో గ్రంథాలయోద్యమ ప్రథమ మహాసభ జరిగిన నాటినుండియు, గ్రంథాలయము కాలక్షేపమునకు మాత్రమే కాక జనుల నిత్యజీవితమునకు అక్కరవచ్చు తెలివిని పంచుటకును ఉన్నదని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆ తెలివిలో ఒక పిడికెడు మీ ముందుంచుటకు ప్రయత్నింతును.

సంస్కృతమున దవడకు హనువని పేరు. హనుమంతుడను నామము దానివలననే వచ్చినది. కిష్కింధాకాండలో జాంబవంతుడు ఆ కథను చెప్పును. బాలాంజనేయుడు సూర్యబింబమును పండని భ్రమించి ఆకసమునకెగిరెను. ఇంద్రుని వజ్రపు దెబ్బకు కొండకొమ్ముపై పడగా అతని ఎడమ దవడ భగ్నమయ్యెను. కుమారుని దురవస్థ చూచి వాయుదేవుడు కినిసి వీచుట మానెను, ముల్లోకములును తల్లడిల్లెను. ఇందులో ఒక్క సంగతి గమనింపుడు. దవడకు దెబ్బ తగులగానే గాలి మాట వచ్చినది. నిజముగనే దవడయు ఊపిరియు ఇరుగుపొరుగువారు. క్రింది దవడను అంటిపెట్టుకొని నాలుక యుండును. నాలుక వెనుకనే గాలి పోవు త్రోవ యుండును. నేటి వైద్యులును దవడ శస్త్రచికిత్స ముగిసిన వెంటనే మొట్టమొదట చూచునది ఊపిరినే. ఈ మాటను మనసున ఉంచుకొనుడు. తక్కిన ప్రసంగమంతయు దీనిని పట్టుకొనియే నడచును.

ఈ చికిత్స ఎవరికి చేయుదురు? కొందరికి క్రింది దవడ ముందుకు పొడుచుకొని వచ్చును. కొందరికి వెనుకకు కుంచించుకొని యుండును. కొందరికి పై దవడ మిక్కిలి దిగియుండును. కొందరికి ముఖము ఒక ప్రక్కకు ఒరగియుండును. పై పండ్లును క్రింది పండ్లును కలియవు. కొరుకుట, నములుట కష్టమగును. మాట స్పష్టముగా రాదు. అంగిటి చీలికతో పుట్టి పసితనముననే ఆపరేషను అయిన పిల్లలలో కొందరికి, పెరిగిన కొలది పై దవడ వెనుకబడును. మరికొందరికి దవడ చిన్నదగుటచే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చును. కావున ఇది అందము కొరకు చేయించుకొను ముచ్చట మాత్రమే యనుట సరికాదు. సాధారణముగా ఎదుగుదల ముగిసిన పిమ్మట, పండ్లకు కొంతకాలము తీగలు కట్టి వరుస సరిచేసి, అటుపై శస్త్రము పట్టుదురు. మన గుణదలలోనే 1980లో సిద్ధార్థ వైద్యకళాశాల వెలసినది. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయము ఏర్పడినది. విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలయు కలదు. అందుచేత ఈ చికిత్సను గూర్చిన మాటలు మన వీథులలో వినబడుట వింత కాదు.

చేయు విధము సంగ్రహముగా చెప్పెదను. మత్తు ఇచ్చి, చాలవరకు ముక్కుగుండ గొట్టమును గాలిత్రోవలోనికి పంపి, నోటి లోపలినుండియే కోత పెట్టుదురు. క్రింది దవడనైనచో రెండు ప్రక్కలను ఎముకను పలకలుగా చీల్చి, ఒకదానిపై నొకటి జరిపి, కావలసినంత ముందుకో వెనుకకో తెత్తురు. పై దవడనైనచో పంటి వేళ్ళకు పైగా కోసి విడదీసి, కొత్త స్థానమున కూర్చుదురు. తరువాత సన్నని టైటానియం పలకలతోను మరలతోను బిగింతురు.

ఈ బిగింపులోనే మన ప్రశ్నకు మూలమున్నది. 1849లో అమెరికాలో హల్లిహెన్ అను వైద్యుడు, కాలిన గాయమువలన వంకరబోయిన క్రింది దవడను కోసి సరిచేసినట్లు చరిత్ర చెప్పుచున్నది. 1950ల నడుమ ఐరోపాలో ఒబ్వెగెసర్ అను శస్త్రవైద్యుడు క్రింది దవడను నిలువున చీల్చి జరుపు పద్ధతిని నెలకొల్పెను. కాని ఆ రోజులలో ఎముక కదలకుండుటకు పై దవడను క్రింది దవడను తీగలతో ఇంచుమించు ఆరు వారములు కట్టివేసెడివారు. నోరు తెరచుట కుదరదు. వాంతియైనచో బయటికి పోవు త్రోవ లేదు. తీగలు త్రెంచు పటకారు రోగి తలాపుననే పెట్టెడివారు. అట్టివానిని ఆ సాయంకాలమే ఇంటికి పంపుట ఎవరికి ధైర్యము? 1970ల తరువాత పలకలు, మరలు వాడుకలోనికి వచ్చెను. నోరు కట్టివేయవలసిన అక్కర చాలవరకు తీరి, పండ్ల నడుమ రబ్బరు బ్యాండ్లు మాత్రము మిగిలెను. మత్తుమందులు త్వరగా దిగిపోవునవి వచ్చెను. వాంతిని ఆపు మందులు, నెత్తురు కారుట తగ్గించు మందులు వచ్చెను. ఈ మార్పులన్నియు కలిసి ఆసుపత్రి రాత్రులను ఒక్కొక్కటిగా తగ్గించుకొనుచు వచ్చినవి. నేడు అమెరికా మొదలగు చోట్ల కొందరు వైద్యులు, ముఖ్యముగా ఒక్క దవడకే చేసినపుడు, అదే రోజున ఇంటికి పంపుచున్నారు. మన దేశములోను మరి పెక్కు దేశములలోను ఒకటి రెండు రాత్రులైనను ఉంచుకొనుటయే వాడుక.

శస్త్రము చేసి అదే రోజున ఇంటికి పంపుట క్రొత్త ఊహ కాదు. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జేమ్స్ నికోల్ అను శస్త్రవైద్యుడు పేద పిల్లలకు చేసిన 8,988 ఆపరేషనులను గూర్చి 1909లో వైద్యసభకు నివేదించెను. వారిని వార్డులో పడుకొనబెట్టలేదు. తల్లుల చేతికే అప్పగించెను. అందులో పెదవి చీలిక ఆపరేషనులును కలవు. అయితే ఆయన చేసిన మరియొక పని మరువరాదు. ఆసుపత్రికి దగ్గరలో ఒక చిన్న ఇల్లు ఏర్పరచి, పాలుత్రాగు బిడ్డలను తల్లులతోకూడ అందుంచెను. అనగా “ఇంటికి పంపితిని, నా పని తీరినది” అని ఆయన చేతులు దులుపుకొనలేదు. ఆ ఇంటిని ఆసుపత్రి చేరువకు తెచ్చెను. 1970లో అమెరికాలోని ఫీనిక్సు నగరమున పగటి శస్త్రచికిత్సలకే ప్రత్యేకముగా ఒక కేంద్రము వెలసినది. అటుపై ఈ పద్ధతి ప్రపంచమంతట వ్యాపించినది.

ఇక ఆ మొదటి రాత్రి ఏమేమి జరుగునో తెలియనిదే ఏది మంచిదో తేల్చలేము.

మొదటిది ఊపిరి. ముక్కు నెత్తురుతోను వాపుతోను మూసుకొనును. నోటిలో రబ్బరు బ్యాండ్లు. నొప్పికి ఇచ్చు బలమైన మందులలో కొన్ని ఊపిరిని మందగింపజేయును. 1888, 1889 సంవత్సరములలో నిజాము ప్రభుత్వపు ఆశ్రయమున హైదరాబాదులో క్లోరోఫారము కమిషనులు కూడి, మత్తు ఇచ్చునపుడు నాడికంటె ఊపిరిని ముఖ్యముగా కనిపెట్టవలెనని నొక్కిచెప్పెను. క్లోరోఫారము గుండెకు కీడు చేయదన్న వారి మాట తరువాత నిలువలేదు. ఊపిరిని కనిపెట్టవలెనన్న మాట మాత్రము నేటికిని నిలిచియున్నది.

రెండవది నెత్తురు. మొదటి దినమున ముక్కునుండియు నోటినుండియు ఎర్రని చెమ్మ కారుట సహజమే. ధారగా కారుట సహజము కాదు. పై దవడ ఆపరేషను తరువాత అరుదుగా ఒకటి రెండు వారములకును నెత్తురు మరల కారవచ్చును. కనుక ఒక రాత్రి ఆసుపత్రిలో గడిపినంత మాత్రమున భయమంతయు తీరినదని తలపరాదు.

మూడవది వాంతి. ఆపరేషను వేళ మింగిన నెత్తురు కడుపును త్రిప్పును. నాల్గవది ఆహారము. నోటితో తగినంత నీరు, పాలు, జావ దిగనిచో సెలైను అవసరమగును. అయిదవది వాపు. ఇది మొదటి రాత్రికంటె రెండవ మూడవ దినములలో హెచ్చుగా నుండును. తలను ఎత్తుగా పెట్టి పరుండవలెను. క్రింది పెదవి, గడ్డము మొద్దుబారియుండును. చాలమందికి నెలల మీద స్పర్శ తిరిగి వచ్చును, కొందరికి కొంత నిలిచిపోవును. ఈ చివరి రెండును ఆసుపత్రిలో ఉన్నను ఇంటనున్నను ఒకే తీరున జరుగును.

ఇపుడు ఇరుపక్షముల వాదమును విందము. ఇంటికి పంపవలెననువారి మాటలో సత్యము లేకపోలేదు. తన ఇంట, తన మంచముపై నిద్ర బాగుగా పట్టును. ఆసుపత్రిలో ఇతరుల వ్యాధులు అంటుకొను భయము కలదు. పడక అద్దె మిగులును. ఆ పడక మరియొకరికి అక్కరకు వచ్చును. డెల్టా గ్రామములనుండి వచ్చి వరండాలో చాపపై పరుండు బంధువుల కూలి దినములు పోకుండును. ఉంచుకొనవలెననువారి మాటయు కాదనరానిది. ఆపద అరుదు, కాని వచ్చినపుడు నిమిషములలో వచ్చును. నెత్తురును పీల్చివేయు యంత్రము, ప్రాణవాయువు, గాలిత్రోవను నిలుపగల చేయి ఆసుపత్రిలోనే యుండును. మన ఇంటి అరుగుపై ఉండవు.

లెక్కలు వ్రాయువానిగా ఇచట ఒక మాట చెప్పక తప్పదు. ఒక ఖర్చును ఒక పద్దునుండి తీసి మరియొక పద్దులో వ్రాసినంత మాత్రమున అది ఆదా కాదు. అదే రోజున ఇంటికి పంపినందువలన ఆ రాత్రి లేకుండ పోదు. ఆసుపత్రి ఖాతాలోని రాత్రి మన ఇంటి ఖాతాకు మారును; అంతియే. నర్సు మేలుకొనవలసిన చోట తల్లి మేలుకొనవలెను. ఆ తల్లికి ఆ పని తెలిసినచో మార్పు మంచిదే. తెలియనిచో అది ఆదా కాదు, అప్పు.

మా బంధువర్గములో ఒక కుర్రవానికి, దివిసీమ గ్రామమువానికి, ఒక పట్టణపు ఆసుపత్రిలో క్రింది దవడ సరిచేసి ఆ సాయంకాలమే పంపివేసిరి. నడురేయి నల్లని నెత్తురు వాంతియయ్యెను. అది మింగిన నెత్తురని ఆ ఇంటివారికి ఎవరును ముందుగా చెప్పియుండలేదు. రాత్రివేళ పిలువవలసిన ఫోను నెంబరు చీటీపై లేదు. కుర్రవానిని కూర్చుండబెట్టి, ముందుకు వంచి, నోరు శుభ్రపరచి తెల్లవార్లును కాచిరి. ఉదయమున డాక్టరు చూచి ప్రమాదమేమియు లేదనిరి. ప్రమాదము లేదన్నది నిజమే. కాని ఆ రాత్రి ఆ తల్లి పడిన వేదన ఏ బిల్లులోను చేరలేదు.

బీమా సంగతియు కొంచెము తెలిసికొనవలెను. ఆసుపత్రిలో ఇరువదినాలుగు గంటలైనను ఉండవలెనని సామాన్యముగా ఆరోగ్యబీమా పత్రములలో నియమముండును. ఒక్క దినములో ముగియు కొన్ని చికిత్సలకు మాత్రము ‘డే కేర్’ అను పేర సడలింపు ఇత్తురు. అందము కొరకు చేయించుకొను శస్త్రములకు సొమ్ము ఈయరు. ప్రమాదమో, కాలిన గాయమో, క్యాన్సరో కారణమైనచోను, వైద్యావసరమని డాక్టరు ధ్రువపరచినచోను మినహాయింపు ఉండును. కావున ఆపరేషనుకు ముందే వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనుడు. అయితే సొమ్ము వచ్చుటకని అక్కరలేని రాత్రి ఉండుటయు, సొమ్ము రాదని అక్కరగల రాత్రిని వదలుకొనుటయు రెండును వైద్యకారణములు కావు. ఎన్ని రాత్రులన్నది ఊపిరిని చూచి తేల్చవలసిన విషయము, రసీదును చూచి కాదు.

మన ప్రాచీనులు ఈ ప్రశ్నను ఎరుగరా? ఎరుగుదురు. సుశ్రుతసంహితలో, తొలగిన దవడను కాపడము పెట్టి స్వస్థానమునకు చేర్చి పంచాంగీబంధముతో కట్టు విధము చెప్పబడినది. అంతటితో ఆగక, సూత్రస్థానమున వ్రణితోపాసనీయమను పేర ఒక అధ్యాయమే గాయపడినవాని సంరక్షణకు కేటాయింపబడినది. అందు మొదట చెప్పినది మందు కాదు. గాయపడినవానికి తగిన ఇల్లు చూడవలెనని. పిమ్మట పడక, ప్రక్కన కూర్చుండి ప్రియముగా మాటలాడు మిత్రులు. చరకుడు చికిత్సకు నాలుగు పాదములనెను: వైద్యుడు, ఔషధము, ఉపచారకుడు, రోగి. ఉపచారకునికి మరల నాలుగు గుణములు చెప్పెను: ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము. ఈ కొలబద్దతో చూడుడు. ఆసుపత్రి నర్సుకు తెలివియు నేర్పును సమృద్ధిగా నుండును. పదుగురు రోగులను చూచుకొను ఆమెకు ఒక్కనియందే అనురాగము నిలుపుట కష్టము. తల్లికి అనురాగము సముద్రమంత. తెలివి మాత్రము ఎవరైన నేర్పవలెను. నేర్పకుండ ఇంటికి పంపినచో చికిత్స మూడు కాళ్ళ మంచమగును.

ఇక నా అభిప్రాయము. రెండు దవడలకును ఒకేసారి చేసినవారు, నిద్రలో ఊపిరి ఆగు జబ్బు కలవారు, స్థూలకాయులు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, అదుపులేని మధుమేహము కలవారు, నెత్తురు త్వరగా గడ్డకట్టనివారు, దవడలు తీగలతో కట్టబడినవారు ఆసుపత్రిలో ఉండుటయే మేలు. ఒక్క దవడకే, ఉదయమున, త్వరగా ముగిసిన ఆపరేషను అయి, రోగి ఆరోగ్యవంతుడగు యువకుడై, చాలగంటలు పరీక్షలో ఉంచిన పిమ్మట డాక్టరు సమ్మతించినచో, ఇల్లు దగ్గరయై, మేలుకొని కాచు పెద్దలు ఇద్దరున్నచో ఇంటికి పోవచ్చును. నాగాయలంక వైపు పోవలసినవారికి ఇంచుమించు రెండు గంటల దారి. మాచవరమువారికి కొన్ని నిమిషములు. ఈ భేదమును డాక్టరుగారికి చెప్పవలసినది మనమే. దూరపువారికి నడిమి మార్గము కూడ కలదు. ఆ ఒకటి రెండు రాత్రులు గుణదలలోనో పటమటలోనో బంధువుల ఇంట దిగి, వాపు తగ్గనారంభించిన పిదప ఊరు చేరవచ్చును. నికోల్ ఏర్పరచిన ఇల్లు మనకు చుట్టాలరూపమున ఉండనే యున్నది.

డిశ్చార్జి చీటీపై సంతకము పెట్టుటకు ముందు ఈ ప్రశ్నలు అడుగుడు. పిల్లవాడు పూర్తిగా మేలుకొన్నాడా? ప్రాణవాయువు పెట్టకయే ఊపిరి చక్కగా ఆడుచున్నదా? నెత్తురు కారుట నిలిచినదా? త్రాగినది కడుపులో నిలుచుచున్నదా? మూత్రము వచ్చినదా? లేచి నడువగలిగెనా? నోటి మందులతోనే నొప్పి అణగినదా? రబ్బరు బ్యాండ్లు ఎట్లు కత్తిరించవలెనో మాకు చూపింతురా? నడురేయి ఎవరిని పిలువవలెను? మరల చూచునది ఎపుడు? వీనిలో ఏ ఒక్కదానికైనను నిశ్చయమైన జవాబు రానిచో, “ఈ రాత్రికి ఉండనిండు” అని వినయముగా, కాని గట్టిగా అడుగుడు. అది డాక్టరును అవమానించుట కాదు.

ఇంటికి తెచ్చినచో మొదటి రాత్రి వంతులవారిగా మేలుకొనుడు. తల ఎత్తుగా ఉంచుడు. కత్తెర తలాపున పెట్టుకొనుడు. గంజి, పలుచని రాగిజావ, పప్పుకట్టు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు కొంచెము కొంచెముగా పట్టుడు. మత్తు తీసికొన్నవాడు ఇరువదినాలుగు గంటలు బండి నడుపరాదు, ఏ దస్తావేజుపైనను సంతకము చేయరాదు. ఊపిరి తీయుట కష్టమైనను, పెదవులు నీలమైనను, నెత్తురు ధారగా కారినను, పిలిచినపుడు పలుకకున్నను, వాంతి ఆగకున్నను, ఉదయమువరకు చూతమని ఆగక వెంటనే 108కి ఫోను చేయుడు.

పడక అద్దె తక్కువపడినదని సంతోషించుటకు ముందు, ఆ రాత్రి కావలి ఎవరు కాచుదురో నిర్ణయింపుడు. కావలి ఉన్న చోట ఇల్లైనను ఆసుపత్రియే. కావలి లేని చోట ఆసుపత్రి పడకయు ఒట్టి మంచమే. మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు మనకిచ్చిన తెలివి ఇట్టి రాత్రులలో ఒక్క ఇంటికైనను అక్కరకు వచ్చిన, ఈ రజతోత్సవము సార్థకమైనట్లే.